కెమెరా గ్యాలరీ వైపు తిరిగినప్పుడు

అధ్యక్షత వహించిన మా ఛానెల్ ఎండీ హనుమత్ప్రసాద్ గారికి, ముందు వరుసలో ఉన్న పెద్దలకు, అమీర్‌పేట ట్రాఫిక్‌ను ఈదుకుంటూ ఈ హాలుకు చేరిన స్నేహితులకు, పంజగుట్ట స్టూడియోలో ఇన్నేళ్ళు నన్ను భరించిన పిల్లలకు నమస్కారం. కేదార్, నవ్వకు, అందరికంటే ఎక్కువ భరించింది నువ్వే. (నవ్వులు)

‘ఛాయాదేవి గారు గొంతు పెంచితే గోల్ పడ్డట్టే’ అని ఎండీ గారు ఇందాక అన్నారు. సంతోషించాల్సిన మాటే. కానీ నాకు పొద్దున్నించీ భయంగా ఉంది. మైకు ముందు భయం కాదండీ ఇది. ఎల్లుండి మొదలయ్యే అమ్మాయిల ఆసియా ఫుట్‌బాల్ టోర్నీని తలుచుకుంటే భయం.

మా కామెంటరీ సంగతి మీలో కొందరికి తెలియకపోవచ్చు. మేం ఏ దేశమూ వెళ్ళం. పంజగుట్టలో ఓ ఇరుకు గదిలో కూర్చుని, మీరు చూసే బొమ్మే చూస్తూ, హెడ్‌ఫోన్లో స్టేడియం గోల వింటూ మాట్లాడతాం. మా అత్తగారు కూడా మొదట్లో నేను అక్కడికే వెళ్ళాననుకుని, అంత దూరం వెళ్ళి ఒట్టి చేతులతో వచ్చావేంటని కోప్పడ్డారు. (నవ్వులు)

కిందటి టోర్నీలో మన బోరబండ అమ్మాయి జాయ్సీ బంతి కోసం ఎగిరి, ఎదుటి పిల్ల తలకు తల తగిలి పడిపోయింది. కదల్లేదు. ఎవరికైనా గట్టిగా దెబ్బ తగిలితే కెమెరాను గ్యాలరీ వైపు తిప్పేయడం ఆనవాయితీ. మర్యాద కోసమే, కాదనను. అలాంటప్పుడు మేం పాత మ్యాచ్‌ల లెక్కలు చెప్పి కాలక్షేపం చేయాలి. నేనూ అదే మొదలుపెట్టబోతుంటే కంట్రోల్ రూమ్ నుంచి, నా దగ్గర కామెంటరీ నేర్చుకుంటున్న హైందవి గొంతు వినపడింది. ‘మేడమ్, జాయ్సీ వాళ్ళ నాన్న యేసురత్నం గారు ఫోన్లో ఉన్నారు. మా పిల్ల లేచిందా, టీవీల సూపిస్తలేరు, జర చెప్పమ్మా అని ఏడుస్తున్నారు.’

నేనేం చెప్పను? నాకూ గ్యాలరీలో జెండాలే కనిపిస్తున్నాయి. ఇంతలో హెడ్‌ఫోన్లో చప్పట్లు మొదలయ్యాయి. దెబ్బ తగిలిన మనిషి లేచి నిలబడినా చప్పట్లు కొడతారు, స్ట్రెచర్ మీద మోసుకెళ్తున్నా కొడతారు. లెక్కలు పక్కన పెట్టి, మైకులోనే చెప్పేశాను. ‘యేసురత్నం గారూ, నాకూ కనపడటం లేదు. నాకూ భయంగానే ఉంది. లైన్లోనే ఉండండి, కనపడగానే మొట్టమొదట మీకే చెప్తాను.’ ఆ తర్వాత కెమెరా తిరిగింది. స్ట్రెచర్ మీద ఉంది, కానీ చెయ్యి ఎత్తింది. ‘చెయ్యెత్తిందండీ, మీ అమ్మాయి చెయ్యెత్తింది’ అని అరిచాను.

క్షమించండి. మంచినీళ్ళు ఇలా ఇవ్వమ్మా.

ఆ అమ్మాయి కోలుకుని ఎల్లుండి మళ్ళీ ఆడుతోంది. నేను ఇవాళ్టితో రిటైరవుతున్నాను. నా తర్వాత అమ్మాయిల మ్యాచ్‌లకు తెలుగు కామెంటరీ అక్కర్లేదని, స్టేడియం చప్పుడుతో వేస్తే చాలని ఆఫీసులో అనుకుంటున్నారు. హైందవి ఉందండీ, నాకంటే బాగా చెప్తుంది అని పొద్దున ఎండీ గారిని అడిగాను. ‘చూద్దాం’ అన్నారు. మన ఆఫీసులో చూద్దాం అంటే ఏమిటో ఇక్కడ తెలియని వాళ్ళు లేరు. (ఎవరూ నవ్వలేదు) సార్, ఇంతమందిలో అడుగుతున్నందుకు కోపం తెచ్చుకోకండి. రేపు నేను ఆఫీసుకు రాను కదా, అందుకని ఇప్పుడే అడుగుతున్నాను.

యేసురత్నం గారు వెనక వరుసలో ఉన్నారు. ఇందాక మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, ‘మేడం, మీరు సుత లేకుంటే మేము టీవీ ముంగట ఎట్ల కూసుండాలె? మస్తు భయమైతుంది’ అన్నారు. అన్నా, నాకూ అంతే, ధైర్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు అన్నాను.

శాలువా కప్పారు, మంచి మాటలు చెప్పారు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒక్కటే మనవి. ఎల్లుండి ఆ పిల్ల మళ్ళీ పడితే, బోరబండలో ఆ ఇంట్లో వినపడేవి చప్పట్లే. అవి ఎందుకు కొడుతున్నారో చెప్పే మనిషి ఉండదు. అందుకని నేను దిగి వెళ్తున్నప్పుడు దయచేసి ఎవరూ చప్పట్లు కొట్టకండి. వెనక వరుసలో ఆయన వింటున్నారు.

సెలవు.