తెల్లగడ్డ వాసన

సుగటూరులో పట్టుపురుగుల గది వాకిట్లో మల్బరీ ఆకు మోపు దించి, భార్య వెల్లుల్లి నములుతున్న మొగుడికి అడ్డం నిలబడింది.

“ఆడే ఉండు. లోపలికి రావద్దు. నోరంతా తెల్లగడ్డ కంపు.”

“బీపీకి మంచిదంట. దాంట్లో ఉండే సత్తువ రక్తనాళాలను వదులు చేస్తాదని ఫోన్‌లో డాక్టరే చెప్పినాడు.”

“మాత్ర మానెయ్యమని కూడా చెప్పినాడా?”

“అది చెప్పలేదులే.”

“ఆ వాసనకు పురుగులు మేత ముట్టవని తెలీదా నీకు? వారం నుంచి నువ్వు ఈడ కూర్చొని పాయలు నమలతా ఉండావు, దినానికి నాలుగు మేతలూ నేనొక్కదాన్నే వేస్తా ఉండాను.”

“బీపీ తగ్గేదాకా ఓర్చుకోమ్మా.”

“ఏం తగ్గినాదప్పా? పొద్దున నర్సమ్మ చూస్తే నూటెనభై!”

“ఆ మిషన్ చెడిపోయిండాది.”

“నువ్వు లేచి వచ్చేసినాక అదే మిషన్‌తో నన్నూ చూసినాది. నూట డెబ్బై.”

“నీకా? నీకెప్పుడూ లేదే!”

“ఈ వారంలో వచ్చినాది. ఇంగ రేపట్నుంచి నేనూ తెల్లగడ్డే తింటాను. ఇద్దరం ఈడే కూర్చుందాం. పురుగులకు ఆకు ఎవరేస్తారో చూద్దాం.”

అతను నమలడం ఆపాడు.

“ఆ మాత్రల డబ్బా యాడ పెట్టినావు?”