వేర్లకు ఊపిరి పోసిన వజీరా బేగం గారు

2015 జులై 6వ తేదీన శ్రీమతి వజీరా బేగం గారు మహబూబ్‌నగర్‌లోని మన రైతు సహకార విత్తన కేంద్రంలో విక్రయ సహాయకురాలిగా చేరారు. అంతకు ముందు ఇంటి వెనుక నారు పెంచి సంతలో అమ్మేవారు. మనుషులనూ విత్తనాలనూ తూచి చూసే నేర్పు అక్కడ అబ్బినదే. చేరిన తొలి వానకాలంలోనే చెమ్మ తగిలిన చిక్కుడు విత్తనాన్ని అమ్మడానికి ఒప్పుకోక, సంచులన్నీ వెనక్కి పంపించారు. "మొలవని గింజ ఒక్కపారి అమ్మితే ఆ రైతు మల్ల మన గడప తొక్కడు సార్" అని మేనేజరు గారితో అన్నారు. వారు వేసే లెక్క ఎప్పుడూ పదేళ్ల ముందుచూపుతో ఉండేది.

2019లో ఇంట్లోనే మట్టి లేకుండా కూరగాయలు పెంచే శిక్షణను కేంద్రం వారికి అప్పగించింది. పోషకాలు కలిపిన నీళ్ల బకెట్టు, దాని మూతకు ఒక రంధ్రం, రంధ్రంలో కొబ్బరి పొట్టు నింపిన చిల్లుల కప్పు, వెలుతురు పడే కిటికీ ఉంటే చాలు. తొలి జట్టులో పన్నెండు మంది చేరారు. వారిలో దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చి కిరాయి గదిలో ఉంటున్న బిక్షమ్మ గారు ఒకరు. బతుకంతా పరుల చేలలో నాట్లు వేసి, మోకాళ్లు అరిగి పని మానిన ఆమెకు, తనదంటూ ఒక్క పంట చేతికి రావాలన్నదే కోరిక.

నాలుగో వారంలో ఆమె వాడిపోయిన పాలకూర బకెట్టును ఆటోలో తెచ్చి బల్ల మీద పెట్టారు.

"చూడు బిడ్డా, సచ్చిపోయింది. నా చేతికి అచ్చిరాలే."

వజీరా గారు మూత ఎత్తి చూశారు. నీళ్లు అంచు దాకా ఉన్నాయి.

"నీళ్లు నింపినవా అవ్వా?"

"సగానికి దిగినయి. ఎండిపోతాంటే సూస్కుంట కూసుంటనా? ఆపుకొని ఆపుకొని మొన్న నిండ పోసిన."

"నీళ్లు తగ్గినకొద్ది పైన ఏర్లు గాలి పీలుస్తయి. అవి మునిగితే ఊపిరాడదు."

"నీళ్లల్ల బతికేదానికి ఊపిరేంది? చాపనా ఏంది?"

"చాపకు మొప్పలుంటయి, పాలకూరకు లేవు. తప్పు నాదే అవ్వా. నింపొద్దని చెప్పిన, ఎందుకో చెప్పలే."

కరువు చూసిన చేతులు తగ్గుతున్న నీటిని చూసి ఊరుకోలేవన్న సంగతి తాను ముందే లెక్కలోకి తీసుకోవలసిందని వారు తరువాత మాతో అన్నారు. ఆ సాయంత్రమే ఆమె గదికి వెళ్లి కొత్త మొక్క పెట్టించారు. అయిదు వారాలు దారి మళ్లి మరీ వెళ్లి చూసి వచ్చారు. ఆ తరువాతి జట్లకు మొదటి పాఠం మొక్కను పైకెత్తి వేర్లు చూపించడంతోనే మొదలైంది.

కొత్త మొక్క పెట్టిన ఆరో వారం బిక్షమ్మ గారు టిఫిన్ డబ్బాలో పాలకూర పప్పు తెచ్చారు.

"నా పంట. మొదలు నువ్వు తిను బిడ్డా."

"పండించినోళ్లు తినాలె మొదలు" అని వజీరా గారు తొలి ముద్ద ఆమె చేతికే ఇచ్చారు. ఆ ముద్ద తిన్నాక బిక్షమ్మ గారు డబ్బాను వజీరా గారి ముందుకు జరిపారు.

శిక్షణాధికారిగా ఎదిగి, వందల ఇళ్ల కిటికీల దగ్గర పచ్చదనం నిలిపి, ఈ నెలాఖరున వారు విరమిస్తున్నారు. ఇన్నేళ్లు ఇతరుల పంట చూసి మురిసిన వజీరా గారు ఇకపై భర్త జుల్ఫికర్ గారితో, పిల్లలతో, తమ కిటికీలో పండినది తాము తింటూ, నిండు ఆరోగ్యంతో చిరకాలం చల్లగా ఉండాలని సహోద్యోగులందరం మనసారా ఆకాంక్షిస్తున్నాం.