తేడా లేని కొలత

పుదుచ్చేరి బజారులో, తమ నగల అంగట్లో, కొలతల శాస్త్రంలో డాక్టరేటు చేసిన గిరిజ తండ్రి మీద మండిపడుతోంది.

"పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం ఇచ్చే సారు ఫోన్ చేస్తే నువ్వెందుకు ఎత్తినావు నాయనా?"

"నువ్వు స్నానానికి పోయుంటివి. నీ కొలతల్లో తేడా ఎంతుంటుందని అడిగినాడు. రవ్వంత కూడా ఉండదని చెప్పినా."

"ముంచినావు! ఆ తేడా ఎంతో కనుక్కునేదే నా చదువు. తేడానే లేదంటే ల్యాబు గేటు కాడ కుక్క కూడా నమ్మదు!"

"ఉందంటే మన అంగడికి ఎవురొస్తారే? మీ తాత ఫోటోలోంచి దిగొచ్చి నన్ను తంతాడు!"

"సాయంత్రానికి ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. చెడగొట్టింది నువ్వు, నువ్వే చెప్పు!"

తండ్రి షట్టరు సగం దించి, ఫోన్లో గొంతు తగ్గించాడు.

"సార్, మా పాప కొలతల్లో తేడా ఉంటుంది. మా వీధిలో మాత్రం ఎవురికీ చెప్పొద్దు."