డిక్కీలో కాపలా

కారు ఆమదాలవలస షెడ్డు ముందు ఆగకముందే, దాని రోగాలు రెండని మెకానిక్కు చెవులతోనే తెలిసిపోయింది.

“మలుపు తిప్పితే ఎనకాల దడదడమంతాదిరా,” అన్నాడు మావ కారు దిగుతూ.

మెకానిక్ డిక్కీ తెరిచాడు. “పూజ కొబ్బరికాయ దొర్లతన్నాది మావా. తీసీమంతావా?”

“ముట్టుకోకు! బండి కొన్నప్పుడు మీ అత్త పెట్టిన కాయ. అదే మమ్మల్ని కాపాడతన్నాది.”

“మరి బ్రేకు నొక్కితే కీసుమంతన్నాది. ప్యాడ్లు అరిగిపోయి ఇనుముకి ఇనుము రాసుకుంతన్నాది. ఈయేలే మార్సాల.”

“కాయుండగా బయమేటిరా? వచ్చే నెల సూద్దాం.”

మెకానిక్ కారులోకి తొంగి చూశాడు. పక్క సీటు ఖాళీగా ఉంది.

“అత్త రాలేదేటి?”

“ఎనకాల వస్తన్నాది. ఆ కీసుమన్న సప్పుడికి బయపడి, దార్లోనే దిగిపోయి ఆటో ఎక్కీసింది.”