కిని పేరు చెప్పిన రోజు

బడి తెరవడానికి ముందురోజు కొత్త టీచరుకి భోజనం పెట్టే వంతు తొరికాకి పడింది. కొత్తగా వచ్చినవాళ్లు సొంతంగా పొయ్యి వెలిగించుకునేదాకా ఇంటికో పూట పెట్టడం ఆ ఊరి పద్ధతి. తొరికా చేమాకుని కొబ్బరిపాలలో ఉడికించింది, కర్రపెండలం దుంపలు పొగలు కక్కుతుంటే ఆకు మీద గుమ్మరించింది. ఆ పిల్ల పేరు అరియెతా. ఇరవై మూడేళ్లుంటాయేమో. మొహమాటం లేకుండా తిని, "మా సువా పట్నంలో ఇలాంటి కూర దొరకదమ్మా" అని వేళ్లు నాక్కుంది.

బళ్లు తెరిచే జనవరి వచ్చిందంటే తొరికాకి ఒళ్లు బరువెక్కుతుంది. బడి గంట మొదటిసారి మోగే రోజున ఆమె తెల్లారకముందే కత్తి పట్టుకుని కొండవాలు తోటకి పోతుంది. ఏరవతల మోగే ఆ గంట అక్కడికి వినిపించదు. ఇరవై ఏడేళ్లుగా అదే వరస. వంతు తప్పించుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఆ పిల్ల నిన్న వచ్చి గుమ్మంలో నిలబడి "అమ్మా, రేపు మీ ఇంటికేనట" అనేసరికి కాదనలేకపోయింది.

భోజనాలయ్యాక వరండాలో చాప పరిచారు. తొరికా మరిది సైరుసి కొయ్యగిన్నె తెచ్చి, మత్తునిచ్చే యాంగోనా వేరు పొడిని నీళ్లలో కలపడం మొదలుపెట్టాడు. ఊళ్లో సరుకుల లారీ నడిపేది అతనే. గిన్నెలో నీళ్ల చప్పుడు అయిందో లేదో, ఎమొసి మాస్టారు కర్ర పోటు వేసుకుంటూ మెట్లెక్కారు.

"వాసన పట్టేశారా మాస్టారూ?" అన్నాడు సైరుసి.

"నాకెందుకురా నీ మట్టినీళ్లు. కొత్త టీచరమ్మని పలకరించిపోదామని వచ్చాను" అంటూనే ఆయన గిన్నెకి ఎదురుగా చతికిలబడ్డారు.

ఎమొసి మాస్టారుకి డెబ్భై రెండేళ్లు. ఏరవతలి బడిలో ఇరవై ఏళ్లు పాఠం చెప్పారు. రిటైరయ్యాక సొంత దీవికి వెళ్లిపోతారని అందరూ అనుకున్నారు. చెల్లెలు రెండుసార్లు వచ్చి పిలిచింది కూడా. ఆయన కదల్లేదు. ఎందుకని అడిగితే, ఈ ఊళ్లో నా కోతలు వినేవాళ్లున్నారు, అక్కడ అందరూ నాలాంటివాళ్లే అనేవారు.

అరియెతా ఒళ్లో నోటుపుస్తకం తెరిచింది. "మాస్టారూ, రేపు పద్నాలుగుమంది చిన్నపిల్లలు నా చేతిలో పడతారు. మొదటిరోజు ఏం చేయించాలో తోచట్లేదు. నాకే ఏడుపొచ్చేట్టుంది."

అడక్కూడని మనిషిని అడిగావమ్మాయ్ అన్నట్టు సైరుసి ఆమెవంక చూసి నవ్వాడు. మాస్టారు ఆనవాయితీగా చేతులు ఒకసారి చరిచి, కొబ్బరిచిప్ప ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకున్నారు.

"మొదటిరోజు పుస్తకం ముట్టుకుంటే పిల్లాడికి బడి మీద మనసు విరిగిపోతుంది. నేనేం చేశానంటే, అందరినీ గుండ్రంగా నేలమీద కూర్చోబెట్టాను, కొబ్బరాకుతో బంతి అల్లాను, బంతి ఎవరి ఒళ్లో పడితే వాళ్లు పేరు చెప్పి ఇంకొకరికి వెయ్యాలన్నాను. ముప్ఫై ఒక్కమంది. అరగంటలో అన్ని పేర్లూ నాకు నోటికొచ్చేశాయి."

"బావుంది మాస్టారూ" అని అరియెతా రాసుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేర్లయిపోయాయి కానీ బంతి ఆగితేనా. ఎవడో గట్టిగా విసిరాడు, కిటికీలోంచి పోయి బయట గుర్రం మీద పోతున్న పెద్దాయన ఒళ్లో పడింది, ఆయన మర్యాదస్తుడు, తన పేరు చెప్పి ముందుకు విసిరాడు, అలా ఏరు దాటింది, కొండ దాటింది, మూడోరోజున పక్క జిల్లా బడివాళ్లు వాళ్ల పిల్లల పేర్ల పట్టీతో సహా బస్సులో తిప్పి పంపారు."

"ఆ బస్సువాడు నాకు తెలుసు. బంతికి టికెట్టు కొట్టలేదని వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు" అన్నాడు సైరుసి.

"నవ్వు. నీ పేరు చెప్పడానికి నీకు మూడు వారాలు పట్టింది."

అరియెతా రాయాలో మానాలో తెలియక కలం పట్టుకుని కూర్చుంది. మాస్టారు ఇంకో చిప్ప తాగారు.

"మధ్యాహ్నం బొగ్గుముక్కలు ఇచ్చి, మీ ఇంట్లో ఉన్నదేదో గియ్యండర్రా అన్నాను. ఒక పిల్ల కోడిపుంజుని గీసింది. ఏం గీసింది తల్లీ. పక్కింటి పెట్టలు నాలుగు వచ్చి దాని ముందు కూర్చున్నాయి."

"పుంజు కూసిందా మాస్టారూ?" అంది అరియెతా.

"అబద్ధం చెప్పను. కూయలేదు. మెడ ఒకసారి తిప్పి చూసింది, అంతే."

అరియెతా పకపకా నవ్వింది. లోపల గిన్నెలు సర్దుతున్న తొరికాకి కూడా పెదవి కదిలింది. ఈ పుంజు కథ ఆమె ఎన్నిసార్లు విందో. ఏటేటా పెట్టలు పెరుగుతాయి. పుంజు తర్వాత గుంజ వస్తుంది, పిల్లలని గుంజకి ఆనించి ఎత్తు గీత గీయడం, మెచ్చుకున్నకొద్దీ సాయంత్రానికి రెండేసి వేళ్లు పెరిగిపోవడం. గుంజ తర్వాత ఆ పిల్లాడు వస్తాడు.

ఆమె కర్రపెండలం పళ్లెం పట్టుకుని వరండాలోకి వచ్చి గోడవారగా కూర్చుంది. గుంజ కథ అప్పుడే అయిపోయింది.

"వీళ్లందరిలో ఒక పిల్లాడున్నాడమ్మాయ్. ఆరేళ్లవాడు. బంతి ఒళ్లో పడింది, నోరు విప్పడు. కసురుకుంటామా మనం? కసురుకోం. పక్కన కూర్చుని చెవిలో ఒక మాట చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు లేచి నిలబడి పేరు చెప్పాడు. చెప్పాడంటే మామూలుగా కాదు, కప్పు మీద రేకులు నాలుగు లేచిపోయాయి, ఏట్లో చేపలు ఒడ్డున పడ్డాయి, సువాలో మంత్రిగారు కిటికీ మూయించి, ఎవరా పిల్లాడు, కనుక్కురండి అన్నారు."

సైరుసి నవ్వుతూనే ఉన్నాడు కానీ కళ్లు దించుకున్నాడు. ఈ చోటికి వచ్చేసరికి అతనెప్పుడూ గిన్నెలో చిప్ప తిప్పుతూ కూర్చుంటాడు. ఊరందరికీ ఆ పిల్లాడెవరో తెలుసు. మాస్టారు ఏనాడూ పేరు ఎత్తలేదు, "ఒక పిల్లాడు" అనేవారు. పేరు లేదు కాబట్టే తొరికా ఓర్చుకుంటూ వచ్చింది. కొన్నేళ్లు మనసుపెట్టి వింది కూడా. ఆ కథలో వాడు పెరిగేవాడు. ఒక ఏడు పోలీసు అయ్యాడు, ఒక ఏడు చర్చిలో పాటగాడయ్యాడు.

"ఏమైపోయాడనుకున్నావు వాడు? ఓడకి కెప్టెను. పొగమంచులో హారను మోగించడం వాడి ఓడలో లేదు. ముందుకొచ్చి నిలబడి తన పేరు చెబుతాడు, ఎదురొచ్చే ఓడలన్నీ పక్కకి తప్పుకుంటాయి. పదిహేడు రేవుల్లో వాడి గొంతు తెలుసు."

అరియెతాకి ఉత్సాహం వచ్చింది. "ఇంతకీ ఆ పేరేమిటి మాస్టారూ?"

మాస్టారు ఊపులో ఉన్నారు. "కినివిలియామె" అన్నారు.

ఆ మాట నోటినుంచి జారాక గానీ ఆయనకి గోడవారగా ఎవరు కూర్చున్నారో గుర్తురాలేదు. సైరుసి చేతిలో చిప్ప గిన్నెలోకి జారింది. సంగతి తెలియని అరియెతా ఒక్కతే నవ్వు మొహంతో ఉంది.

"ఇప్పుడెక్కడున్నాడు మాస్టారూ? సెలవుల్లో ఊరికి వస్తాడా?"

మాస్టారు తడుముకున్నారు. "ఇప్పుడా. ఇప్పుడు సముద్రం మీద."

"వాడు ఆ రోజు పేరు చెప్పలేదు మాస్టారూ" అంది తొరికా.

గొంతు పెంచలేదు. పళ్లెం తీసి పక్కన పెట్టింది. అరియెతా ఆమెవంక, మాస్టారువంక మార్చి మార్చి చూసింది.

"వాడు నా కొడుకమ్మా" అంది తొరికా ఆ పిల్లతో. "బడిలో ఒక్కరోజే ఉన్నాడు. రెండోరోజు పొద్దున బడికి పోతూ ఏట్లో కొట్టుకుపోయాడు. అప్పుడు వంతెన లేదు. వెదురు తెప్ప, ఒక తాడు, అంతే."

అరియెతా నోటుపుస్తకం మూసేసింది.

తొరికా మాస్టారువైపు తిరిగింది. "సాయంత్రం ఇంటికొచ్చి అంతా చెప్పాడు నాకు. బంతి వచ్చిందట. నోరు పెగల్లేదట. ఏం పర్లేదులే, రేపు అందరికంటే ముందు నువ్వే చెబుదువుగానీ అని మీరన్నారట. అప్పటినుంచీ పొయ్యి దగ్గర కూర్చుని ఒకటే అప్పచెప్పుకోవడం. ఇంట్లో కిని అనేవాళ్లం, బళ్లో చెప్పాల్సింది పెద్ద పేరు కదా, 'లియామె' దగ్గర నాలిక మడతపడేది. మా ఆయన విసుక్కుంటే బయటికి పోయి పందుల దొడ్డి దగ్గర చెప్పుకున్నాడు. పొద్దున లేచేసరికి కుదిరింది. ఎన్నిసార్లడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అందరికంటే ముందు చెప్పాలి కదా అని మిగతా పిల్లల కోసం ఆగకుండా బయల్దేరాడు. కొండమీద వాన పడిందని మాకెవరికీ తెలియదు."

మాస్టారు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. "నేనన్న మాట నీకు తెలుసా?" అన్నారు.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ సాయంత్రం నుంచీ."

"ఒక్కసారి కూడా అడగలేదేం తల్లీ? ఊళ్లో ఎవరో ఒకరు నన్ను నిలదీస్తారని చూశాను. ఎవరూ అడగలేదు. నాకొక్కడికే తెలుసనుకున్నాను."

"అడిగి ఏం చేస్తాను? మీరన్నది మంచి మాటే కదా. నేనైనా అదే అనేదాన్ని." తొరికా చీర చెంగులా భుజాన వేసుకున్న గుడ్డతో మొహం తుడుచుకుంది. "మీరు వాణ్ణి పోలీసు చేశారు, పాటగాణ్ణి చేశారు, నేనేమీ అనలేదు. ఓడలిచ్చారు, ఇవ్వండి. పేరు చెప్పాడని మాత్రం అనకండి. వాడు నా ఒక్కదానికే చెప్పాడు. నాకు మిగిలింది అదొక్కటే మాస్టారూ. దాన్ని పదిహేడు రేవుల్లో పంచకండి."

మాస్టారు తలూపారు. లేవడానికి కర్ర అందుకోబోయారు.

"కూర్చోండి" అంది తొరికా. "ఇవాళ అడుగుతున్నాను. ఆ రోజు పొద్దుటినుంచి మూడింటిదాకా వాడు మీ దగ్గరున్నాడు. వాడి బతుకంతటిలో ఆ కాస్సేపే నాకు తెలియనిది. జరిగింది చెప్పండి. జరిగినంతే చెప్పండి."

మాస్టారు కర్ర కింద పెట్టారు. కథ చెప్పడంలో ఎప్పుడూ తడుముకోని మనిషి ఇప్పుడు ఒక్కో మాటా వెతుక్కున్నారు.

"ముప్ఫై ఒక్కమంది కాదు. పద్దెనిమిది. సన్నగా తుంపర పడుతోంది. ఆరుగురు ఏడ్చారు."

"వాడు?"

"ఏడవలేదు."

"ఎవరి పక్కన కూర్చున్నాడు?"

"దుకాణం వాళ్ల మనవరాలి పక్కన. ఆ పిల్ల ఏడుస్తుంటే దాని మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు."

"తిన్నాడా?"

"సగం తిన్నాడు. మిగతాది ఆకులో చుట్టుకున్నాడు."

"కుక్కకి తెచ్చాడు" అంది తొరికా. "బొమ్మ గీశాడా?"

"గీశాడు. పందో, ఇల్లో నాకర్థం కాలేదు. ఏమిట్రా ఇది అంటే నవ్వాడు. పైపన్ను ఒకటి లేదు."

"ఎత్తు కొలిచారా?"

కొలిచానని చెబితే ఆమెకి బావుంటుంది. ఆ సంగతి మాస్టారుకీ తెలుసు. "లేదమ్మా. గుంజకి గీతలు గీయడం ఆ మరుసటేడు మొదలుపెట్టాను."

తొరికా సరేనన్నట్టు తలాడించింది. సైరుసి ఎప్పుడో మొహం అటు తిప్పుకున్నాడు. అరియెతా మోకాళ్లు కౌగిలించుకుని వింటోంది.

"ఇంకా?" అంది తొరికా.

"ఇంకా..." మాస్టారు కళ్లు మూసుకున్నారు. "గుమ్మం పక్కన నీళ్ల తొట్టి ఉండేది. అందరూ బురదకాళ్లతో లోపలికి పరిగెత్తారు. వాడొక్కడు ఆగాడు. వంగి రెండు కాళ్లూ కడుక్కున్నాడు, వేళ్ల సందులు కూడా రుద్దుకున్నాడు. అప్పుడు లోపలికి వచ్చాడు."

తొరికా ఉన్నచోటే కాస్త ముందుకు వంగింది.

"నేనే చెప్పాను" అంది. "కాళ్లు కడుక్కుని బళ్లోకి వెళ్లమని నేనే చెప్పాను. ఆ మొదటిరోజు పొద్దున ఏటి ఒడ్డున నిలబడి అరిచాను. తెప్ప అప్పటికే అవతలికి చేరింది, వాడు వెనక్కి తిరగలేదు."

పక్కన పెట్టిన పళ్లెం ఒళ్లోకి తీసుకుంది.

"విన్నాడన్నమాట" అంది.