ముప్పై మూడో దెబ్బ

స్కూలు వార్షికోత్సవం జరిగిన మర్నాడు పొద్దున, ప్రిన్సిపల్ గది.

"ఇందులో నవ్వడానికేముంది మేడమ్?"

"నేనెక్కడ నవ్వాను మాస్టారూ?"

"నవ్వారు. పెదాలు బిగబట్టి నవ్వారు. నిన్న హాల్లో మా ఆవిడా ఇలాగే బిగబట్టింది. ఇంటికెళ్ళాక వదిలేసింది. అన్నం పెడుతూ నవ్వింది, గిన్నెలు సర్దుతూ నవ్వింది..."

"సరే, నవ్వాను. ఏం చెయ్యమంటారు చెప్పండి? ఊదేవాళ్ళు ఊదుతున్నారు, డ్రమ్ములు దడదడలాడుతున్నాయి, పాట అంతెత్తుకి లేచింది, ఠక్కున ఆగింది. అందరూ మీ వైపు చూస్తున్నారు. మీరేమో కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉన్నారు. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు, ఆ రెండు ఇత్తడి పళ్ళేలూ తీసుకుని..."

"సింబల్స్."

"ఆ సింబల్సే తీసుకుని, ఎవరూ అడక్కుండా, ఒక్కరే... ఠంగ్! కునుకు తీస్తున్న ఛైర్మన్ గారు కుర్చీలోంచి ఎగిరిపడ్డారండీ. 'ఏం పడింది, ఏం పడింది' అని నన్నడిగారు."

"మీరేం చెప్పారు?"

"మా లెక్కల మాస్టారండీ అన్నాను."

"మేడమ్!"

"కూర్చోండి, కూర్చోండి. మంచినీళ్ళు తాగండి."

"నాకు నీళ్ళొద్దు. నా మాట వినండి. నేను కొట్టింది కరెక్టు."

"అంటే?"

"అంటే నేను కరెక్టు, బ్యాండంతా తప్పు."

"నలభై మందీ?"

"నలభై మందీ! ఒక్కడు కాదు, ఇద్దరు కాదు. కూడబలుక్కున్నట్టు నలభై మందీ ఒకేచోట తప్పారు. అదీ మీ సంగీతం చదువు!"

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఒకాయన..."

"కుందేలు కాళ్ళు కాదు, ఇది లెక్క. బ్యాండ్ మాస్టారు చెయ్యి ఎత్తి దింపగానే మొదలుపెట్టి ముప్పై రెండు లెక్కపెట్టాలి. ముప్పై మూడుకి కొట్టాలి. కాగితం మీద అలాగే రాసుంది. నేను అలాగే కొట్టాను. వాళ్ళు ముప్పై రెండుకే పైకెక్కేసి, నేనేదో నిద్రపోయినట్టు నా మొహంలోకి చూస్తున్నారు!"

"మరి ప్రాక్టీసులో అంతా సరిగ్గా కలిసేది కదా? నేను వరండాలోంచి విన్నాను. మీ దెబ్బా, వాళ్ళ పాటా ఒక్కసారే పడేవి."

"ఆ నీళ్ళ గ్లాసు ఇలా ఇవ్వండి."

"ఏం మాస్టారూ? తేలు కుట్టిన దొంగలా అలా అయిపోయారేం?"

"ప్రాక్టీసులో... అదీ... ప్రాక్టీసులో నాదే చిన్న పొరపాటు."

"చిన్నదంటే?"

"ఒకటి. ఒకే ఒక్కటి. ఆయన చెయ్యి ఎత్తగానే ఒకటి అనేసుకునేవాణ్ణి. ఎత్తడం సున్నా మేడమ్, దింపాకే ఒకటి. నిన్న పొద్దున గడ్డం గీసుకుంటుంటే వెలిగింది. చెంప కూడా తెగింది, చూడండి. పొలం గట్టుమీద స్తంభాలు పాతే లెక్కలో ఒకటి ఎక్కువేసి ఏడో తరగతి పిల్లలు చేసే తప్పది. ఏళ్ళ తరబడి వాళ్ళ చెవులు మెలిపెట్టాను దానికి."

"ఆహా."

"ఆహా అనకండి."

"అయితే ఇన్నాళ్ళూ మీరు ఒకటి ముందే కొడుతున్నారు. నిన్న దిద్దుకున్నారు. ఆ సంగతి బ్యాండులో ఎవరికైనా చెప్పారా?"

"ఎందుకు చెప్పాలి?"

"ఎందుకంటే..."

"లెక్కల మాస్టారికి లెక్కపెట్టడం రాలేదని పిల్లల ముందు నేనే దండోరా వేసుకోవాలా? దిద్దుకున్నాను, కొట్టాను, అయిపోయింది. తప్పినవాళ్ళు వాళ్ళు."

"మీరు ఒకటి ముందు కొడుతుంటే అంతా ఎలా కలిసేదంటారు?"

"అదే నాకూ అర్థం కాలేదు. అందుకే అంటున్నాను, ఆ చదువుకో పద్ధతీ పాడూ లేదని. ఛైర్మన్ గారు ఎన్నింటికొస్తున్నారు?"

"దార్లో ఉన్నారు. ఆయనొచ్చేది దానికే కదా. బ్యాండ్ పీరియడ్ ఎత్తేసి లెక్కలకివ్వమని అడిగింది మీరేగా."

"అడిగాను. గోడకి అవతల వాళ్ళు ఊదుతుంటే ఇవతల నా త్రికోణాలు వంకరపోతున్నాయి."

"అందుకే నేను 'కొన్నాళ్ళు వాళ్ళ మధ్యన కూర్చుని చూడండి, అప్పటికీ వద్దంటే మీ మాటే ఆఖరుమాట, ఛైర్మన్ గారూ నేనూ కాదనం' అన్నాను. సింబల్స్ కొట్టే పిల్లాడికి చెయ్యి విరిగితే మీరే లేచి 'లెక్కపెట్టి ఒక్క దెబ్బ కొట్టడానికి అంత చదువెందుకు, ఇటివ్వండి' అన్నారు."

"అన్నాను. కూర్చున్నాను. చూశాను. నా ఆఖరుమాట, ఎత్తెయ్యండి."

"గదికి తాళం వేసెయ్యాలంతేనా?"

"వేసెయ్యండి."

"బ్యాండ్ మాస్టార్ని వెళ్ళిపొమ్మనాలి."

"...అది మీ ఇష్టం."

"మాస్టారూ, చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు ఊదేవాడి బుగ్గలైనా చూస్తాడు. ఆ పిల్లల్లో మీకేమీ కనబడలేదా?"

"నలభై తప్పులు కనబడ్డాయి."

"సరే. ఛైర్మన్ గారికి చెప్పేముందు ఒక్కర్ని అడుగుదాం. ఆ ట్రంపెట్ ఊదే పిల్లని పిలిపించాను, బ్యాండ్ లీడరు. బయట నిలబడుంది. రామ్మా, లోపలికి రా."

"గుడ్ మార్నింగ్ మేడమ్. గుడ్ మార్నింగ్ సార్."

"నువ్వా? మొన్న పరీక్షలో పదకొండు తెచ్చుకున్నది నువ్వే కదూ?"

"పన్నెండు సార్."

"మాస్టారూ, అది తర్వాత. ఏమ్మా, నిన్న పాటలో ఏం జరిగింది?"

"తప్పు మాదే మేడమ్."

"విన్నారా? ఒప్పుకుంది!"

"ఉండండి. ఏం తప్పమ్మా?"

"ఒకటి ముందు వచ్చేశాం మేడమ్. సార్ కరెక్టుగానే కొట్టారు. మేమే ముందొచ్చాం."

"అందరూనా?"

"అందరం మేడమ్."

"అందరూ ఒకేసారి ఎలా తప్పుతారు?"

"అలా... తప్పేశాం మేడమ్. నే వెళ్ళనా? ఫిజిక్స్ క్లాసుంది."

"ఆగు పాపా. కాగితంలో ముప్పై మూడని ఉందా లేదా?"

"ఉంది సార్."

"మరి ముప్పై రెండుకి రమ్మని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"నువ్వు చెప్పావా?"

"నేనొక్కదాన్నే కాదు సార్... అంటే... ఎవరూ చెప్పలేదు సార్."

"చూశారా మేడమ్, ఏదో దాస్తోంది! బ్యాండ్ మాస్టారు చెప్పారా?"

"లేదు సార్! ఆయన అసలు ఒప్పుకోలేదు సార్. మేమే బతిమాలి..."

"ఊఁ? బతిమాలి?"

"చెప్పమ్మా. ఎవరూ ఏమీ అనరు. నేనున్నానుగా."

"మేడమ్, సార్ రోజూ ముప్పై రెండుకే కొట్టేవారు మేడమ్."

"నాకు తెలుసది!"

"మీకు తెలుసా సార్? మీకు తెలీదనుకున్నాం సార్. కళ్ళు మూసుకుని లెక్కపెడతారు కదా, మేమెక్కడున్నామో చూడరు కదా సార్. మొదట్లో మీ దెబ్బ వేరే, మా పాట వేరే పడేవి. మీరు కొట్టేసి, సింబల్స్ కింద పెట్టేసి, పేపర్లు దిద్దుకోవాలని వెళ్ళిపోయేవారు. మేము ఉండిపోయేవాళ్ళం."

"ఉండిపోయి?"

"పాటే మార్చుకున్నాం సార్. క్లారినెట్లు, ట్రంపెట్లు, డ్రమ్ములు, అందరం ఒకటి తీసేసి మళ్ళీ నేర్చుకున్నాం. మీరు ఎక్కడ కొడితే అక్కడికి మేం వచ్చేస్తే సరిపోతుందని. చిన్న క్లాసు పిల్లలకి రాలేదు సార్, మూడు రోజులు ఏడ్చారు. అయినా నేర్చుకున్నారు. నిన్న మీరు దిద్దుకుంటారని మాకు తెలీదు సార్."

"నలభై మందీ... నా తప్పు నేర్చుకున్నారా?"

"అవును సార్."

"నాతో ఒక్క ముక్క చెబితే పోయేదానికి? జాలిపడ్డారన్నమాట. నా మీద. పిల్లకాయలు! ముసలాడికి లెక్క రాదు పాపం, మనమే సర్దుకుందాం అని! చూశారా మేడమ్? ఇదీ నాకు దక్కింది. ఛైర్మన్ గారు రాగానే చెప్పండి, ఇవాళే తాళం వేసెయ్యమని చెప్పండి. నాకెవరి జాలీ అక్కర్లేదు."

"జాలి కాదు సార్."

"మరేంటి? భయమా? మార్కులు తగ్గిస్తాననా?"

"కాదు సార్."

"నోరు విప్పి చెప్పు!"

"చెప్తే కోప్పడతారు సార్."

"ఇప్పుడు కోప్పడట్లేదా ఏంటి? చెప్పు."

"సింబల్స్ కొట్టాక మీరు నవ్వుతారు సార్."

"...ఏంటీ?"

"కళ్ళు తెరిచి నవ్వుతారు సార్. చిన్నపిల్లాడిలా. మా అక్క మీ దగ్గరే చదివింది, మా అన్నయ్యా మీ దగ్గరే. మీరు నవ్వగా వాళ్ళెప్పుడూ చూడలేదట. నేను చెబితే నమ్మలేదు సార్. తప్పు కొట్టారని చెప్తే మీరు మానేస్తారు కదా. అందుకే చెప్పలేదు."

"మాస్టారూ, కిటికీలోంచి చూడండి. ఛైర్మన్ గారి కారు లోపలికొస్తోంది. ఏం చెప్పమంటారు? ఆఖరుమాట మీదే అన్నాను, మాట తప్పను."

"ఒక్క నిమిషం... కంట్లో ఏదో పడింది."

"రెండు కళ్ళలోనా?"

"ఎగతాళి చెయ్యకండి మేడమ్. ఆయన్ని ఈ గదికి తీసుకురాకండి. తిన్నగా బ్యాండ్ గదికే తీసుకురండి. ఆ పీరియడ్ జోలికెవరైనా వస్తే ముందు నాతో మాట్లాడాలని కూడా చెప్పండి. పాపా, ఫిజిక్స్ సార్‌తో నేను చెప్తాలే, పరిగెత్తుకెళ్ళి అందర్నీ పోగెయ్యి."

"ఎలా వాయించమంటారు సార్? కాగితంలో ఉన్నట్టా?"

"వద్దు. మీరు నేర్చుకున్నట్టే వాయించండి. నేను ముప్పై రెండుకే కొడతాను."