సూర్యునితో రెప్పల పందెం

యాలాల్ బస్టాపు పక్కన మల్లీశ్వరి చాయ్ హోటల్లో ఆదివారం పొద్దున్నే బెంచీల మీద చోటు దొరకడం లేదంటే, బిచ్చయ్య వచ్చి కూర్చున్నాడని అర్థం. అరవై రెండేళ్ల మనిషి. యాభై గొర్రెలు, మూడెకరాల కందిచేను ఉన్నాయి. కోతలకు మాత్రం లెక్కాపత్రం లేదు. ఆ హోటల్లో ఆయన మాట ఒక్కటి కూడా ఎవరూ నమ్మరు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసే కోస్తాడు. ఎవరూ నమ్మరన్న ధీమా ఉంటే మనిషి ఎంత దూరమైనా పోవచ్చు కదా!

ఆ రోజు ఆయన మెడలో నల్లటి దుర్భిణి వేలాడుతోంది.

"ఏందే మామా, మెడల గంట కట్టుకున్నవ్?" అంది మల్లీశ్వరి చాయ్ వడపోస్తూ.

"గంట గాదు, దుర్బీన్. సూర్యుణ్ని చూసే దుర్బీన్. మొన్న హైదరాబాద్ పోయి నేనే ఏరి తెచ్చిన."

ఇందులో సగం నిజం. ఏరింది ఆయన కూతురు మల్లిక. వికారాబాద్‌లో ఒక బడిలో సైన్సు పాఠాలు చెప్తుంది. సూర్యుడి మీది మచ్చలను పిల్లలకు చూపించాలని కొన్నది. బిచ్చయ్య వెంట పోయింది సంచి మొయ్యడానికి. ఈ ఆదివారం, సెలవుకు ఇంటికొచ్చిన బిడ్డ నిద్ర లేవకముందే ఆ సంచే భుజాన వేసుకుని, చెప్పకుండా హోటల్‌కు వచ్చాడు.

"దుకాణపాయన ముందుగాల నా మొకం చూసి ఏమనుకున్నడో, చెయ్యంత పొడుగు దుర్బీన్ తీసిండు," అని మొదలుపెట్టాడు బిచ్చయ్య. "ఇరవై అయిదింతలు పెద్దగ చూపెడ్తదన్నడు. కండ్లకు పెట్టుకుంటె ఏముంది, ఎదురుంగున్న మేడ మలేరియా వచ్చినట్టు వణుకుతుంది. నేనన్న గదా, 'సేటూ, ఎక్కువింతలు చూపెట్టేది చేతుల నిలువదు. పదింతలు మస్తు. ముందటి అద్దాలు జర పెద్దగుండాలె' అన్న. ఆయన గల్లా పెట్టె కాడికెల్లి లేచొచ్చి దండం పెట్టిండు."

మల్లిక దుకాణంలో చెప్పిన మాటలే అవి. దండం ఒక్కటి బిచ్చయ్య సొంతం.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? పదింతలది తీసి కండ్లకు పెట్టుకున్న. కోఠిల నిలవడి చూస్తున్న, ఇక్కడ మన దొడ్ల నా బొల్లి గొర్రె నెమరేస్తున్నది కనవడ్డది!"

తాండూరులో కందుల వ్యాపారం చేసే రామచందర్ సేటు, పేపరు మడిచి పక్కన పెట్టాడు. "కోఠికెల్లి యాలాల్ నూరు కిలోమీటర్ల పైన ఉంటది బిచ్చయ్యా. నడుమ అనంతగిరి గుట్టలు లెవ్వా?"

"ఎందుకు లెవ్వు సేటూ, అడ్డమొచ్చినయ్. జర పక్కకు జరుగున్రి అన్న. జరిగినయ్."

బెంచీలు గొల్లుమన్నాయి. బిచ్చయ్య ప్రాణం లేచి వచ్చింది. ఆయనకు ఎకరం పొలం రాసిచ్చినా ఇంత సంబరం ఉండదు. చాయ్ ఒక గుటక వేసి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఇగ ఇనున్రి అసలు ముచ్చట. బేస్తారం నాడు గదే అనంతగిరి గుట్టెక్కిన. నెత్తిమీద సూర్యుడున్నడు. మా బిడ్డ ముందటి అద్దాలకు మూతలు చేసిచ్చింది. అట్టముక్కకు వెండి కాయితమసొంటి సోలార్ ఫిలిం అతికిచ్చి, సూర్యుణ్ని చూసేటప్పుడు ఇవి పెట్టు నాయినా అన్నది. నేనేమన్న? 'ముసుగు ఎవరికి బిడ్డా, పెండ్లిపిల్లకా? ముప్పై అయిదేండ్లు ఎండల గొర్రెలు కాసిన కండ్లివి' అన్న. మూతలు తీసి సంచిల పారేసిన. ఉత్త దుర్బీన్ ఎత్తిన!"

"ఎత్తి?" అంది మల్లీశ్వరి. పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోలేదు.

"సూర్యుడు నా దిక్కు చూసిండు. నేను సూర్యుని దిక్కు చూసిన. మదమెక్కిన పొట్టేలు ఎదురుంగ నిలవడితె మనమేం చేస్తం? రెప్ప కొట్టం. కొట్టినమా, కుమ్ముతది. గట్లనే నిలవడ్డ. గంటైంది. రెండు గంటలైంది. మొకం మీద మచ్చలు లెక్కవెట్టిన, ఏడున్నయ్. ఒకటి కుంటుతుంది గూడ. సూర్యునికి చెమటలు పట్టినయ్. నన్ను చూసుకుంట నడుసుడే మర్సిపోయిండు. పొద్దు ఆడనే ఆగింది. ఒంటిగంట ఎంతసేపటికీ ఒంటిగంటనే. పూడూరు బడిల పిల్లలకు పగటి బువ్వ రెండుసార్లు పెట్టిన్రు. మర్పల్లిల ఒకాయన పొలానికి పోయి, పొద్దుగూకితె ఇంటికొస్త అని పెండ్లాంతోని చెప్పిండట. పాపం, దున్నుతనే ఉన్నడు!"

"దున్ని దున్ని ఏడిదాక పోయిండో," అన్నాడు సేటు నవ్వు ఆపుకోలేక.

"కర్ణాటకల తేలిండు. ఇప్పుడు కన్నడం మాట్లాడ్తుండట. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?" బిచ్చయ్య లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు. గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగిపోయింది. "బేస్తారం పగటిపూట ఉన్నట్టుండి మబ్బు పట్టింది, యాదికున్నదా?"

"ఆఁ, పట్టింది. వడియాలు ఎండేసిన, తీసుకున్న," అంది మల్లీశ్వరి.

"మబ్బు గాదు అది. సూర్యుడు రెప్ప కొట్టిండు!"

హోటలంతా నవ్వులతో దద్దరిల్లింది. రామచందర్ సేటు కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్సును వదిలేశారు. "సూర్యుణ్నే ఓడగొట్టినవా మామా!" అంటూ మల్లీశ్వరి అడక్కుండానే ఇంకో చాయ్ పోసింది. తన జన్మలో ఇంత మంచి కోత ఇంతకుముందు కొయ్యలేదని బిచ్చయ్యకే అనిపించింది. ఛాతీ ఉబ్బింది. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

అందరూ నవ్వుతున్నారు, ఒక్క అంజి తప్ప.

అంజి బిచ్చయ్య తమ్ముడి కొడుకు. ఇరవై నాలుగేళ్లవాడు, పోయినేడే పెళ్లయింది. తాండూరు రాళ్ల పాలిష్ పని మానేసి, నాలుగు నెలల నుంచి పెదనాన్న వెంట గొర్రెలు కాస్తున్నాడు. చిన్నప్పటి నుంచి అలవాటైన నోటితో ఆయనను కాకా అనే పిలుస్తాడు. పనిలో చేరిన మొదటిరోజే బిచ్చయ్య వాడికి ఒక్కటే పాఠం చెప్పాడు. "మంద కాడ పెద్దోడు చెప్పిన మాటకు ఎందుకని అడగద్దు. నువ్వు అడిగేలోపట నక్క పిల్లను ఎత్తుకపోతది." గొర్రెలోళ్లకు తరాల నుంచి ఉన్న కట్టుబాటు అది. వాగులో దూకమంటే అంజి దూకాడు. ముళ్లకంప మీదుగా పొమ్మంటే పోయాడు. మంద దగ్గర బిచ్చయ్య మాట ఏనాడూ తప్పు కాలేదు. హోటల్ దగ్గర బిచ్చయ్యను వాడు చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

నవ్వుల మధ్య బిచ్చయ్య చెయ్యి మెడకు పోయింది. దుర్భిణి లేదు. ఇందాక దూరంగా పోతున్న రాళ్ల లారీని చూడమని తానే మెడలోంచి తీసి అందరికీ ఇచ్చాడు. అది ఇప్పుడు అంజి చేతుల్లో ఉంది. అంజి రోడ్డు మీద, ఎండలో ఉన్నాడు. పొట్టేలుకు ఎదురు నిలబడ్డట్టు కాళ్లు ఎడం చేసి, నేలకు తన్ని పెట్టి ఉన్నాడు.

"కాకా, నేను గూడ రెప్ప కొట్టకుంట చూస్త. నువ్వు లెక్కవెట్టు!" అని కేకేసి, దుర్భిణి ఎత్తసాగాడు.

గుట్ట మీద మల్లిక చెప్పిన మాట బిచ్చయ్య చెవిలో మోగింది. 'మూతల్లేకుంట ఒక్క రెప్పపాటు చాలు నాయినా, కన్ను లోపట కాలిపోతది. కాలేటప్పుడు నొప్పి గూడ తెల్వది.' పెళ్లయిన పిల్లగాడు. నమ్మి నిలబడ్డాడు. పాడు నోటికి మళ్లీ అలవాటైనదే వచ్చింది.

"అంజిగా, ఆగరా! ఇయ్యాల సూర్యుడు కోపం మీదున్నడు! ఓడిపోయిన కోపం!"

"ఫికర్ జేయకు కాకా! నేను గూడ మన రక్తమే గదా!" అన్నాడు అంజి. మోచేతులు పైకి లేచాయి.

అబద్ధం వాణ్ని ఆపలేదు సరికదా, ఇంకా ఉసికొల్పింది. చాయ్ గ్లాసు ఎటు పోయిందో, చెప్పులు ఎక్కడ ఊడాయో బిచ్చయ్యకు తెలియదు. అరవై రెండేళ్ల కాళ్లతో ఒక్క దూకు దూకి, అంజి చేతుల మీద పడి, రెండు అరచేతులతో ముందటి అద్దాలు మూసేశాడు.

"అబద్ధంరా! అంత అబద్ధమే! నేను ఉత్తగ చూడలే! మూతలు తియ్యలే!"

హోటల్ అంతా బిత్తరపోయింది. అంజి అయోమయంగా చూశాడు. "మరి పందెం?"

"పందెం లేదు, పాడు లేదు." బిచ్చయ్య రొప్పుతున్నాడు. దుర్భిణి లాక్కున్నాడు గాని, అంజి చెయ్యి మాత్రం వదల్లేదు. "మల్లిక మూతలు బిగిచ్చి ఇచ్చింది. నా చేతులు వణికినయ్. పది లెక్కవెట్టేలోపట బిడ్డ చేతిల పెట్టేసిన. మచ్చ ఒక్కటే చూసిన. భయమైందిరా. ఏడ్పు గూడ వచ్చింది, ఎందుకో నాకే తెల్వది."

ఎవరూ నవ్వలేదు. ఆయన నోట ఇలాంటి మాట ఎవరూ వినలేదు. మల్లీశ్వరి చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది.

"మరి నాకు చూపెట్టవా కాకా?" అన్నాడు అంజి చిన్నబోయి.

బిచ్చయ్య కళ్లు తుడుచుకున్నాడు. సంచిలోంచి అట్ట మూతలు తీశాడు. ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టి, సూది మొనంత చిల్లైనా ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవి కంటికాడ పెట్టేటివి గాదు. ముందటి పెద్దద్దాలకే పెట్టాలె. వెనకాల పెడితె ఎండ లోపటికొచ్చి, గా వేడికి ఫిలిమే కాలుతది," అంటూ రెండింటినీ బిగించి, గాలికి ఎగరకుండా సంచిలో ఉన్న టేపు చుట్టూ వేశాడు. లాగి చూశాడు. మళ్లీ లాగి చూశాడు. తర్వాత దుర్భిణిని తన భుజం మీద ఆనించి పట్టుకుని, నేల మీద దాని నీడను చూస్తూ తిప్పాడు. "మూతలు పెట్టినంక సూర్యుడు తప్ప అన్నీ చీకటే. దేవులాడితె దొరకడు. నీడ ఎప్పుడు అన్నిటికంటె చిన్నగైతదో, అప్పుడు సూటిగున్నట్టు. ఆఁ, ఇప్పుడు చూడు. నా భుజం మీదికెల్లి కదలియ్యకు."

అంజి వంగి కళ్లు ఆనించాడు.

"కాకా... చందమామ లెక్క ఉన్నడు! సల్లగ! పక్కకు నువ్వుగింజంత నల్లటి మచ్చ!" వాడు కళ్లు తీయకుండానే అన్నాడు. "మస్తున్నడు కాకా!"

అంతే, రోడ్డు మీద వరస కట్టారు. మల్లీశ్వరి పొయ్యి తగ్గించి వచ్చింది. రామచందర్ సేటు కళ్లజోడు తీసి చూసి, "ఓయబ్బో" అని, మళ్లీ వరస చివరికి పోయి నిలబడ్డాడు. బస్సు దిగినవాళ్లూ నిలబడ్డారు. ఒక్కొక్కరికీ బిచ్చయ్య భుజం ఇచ్చాడు. ప్రతిసారీ మూతలు లాగి చూశాడు. చూసిన ప్రతివాళ్లూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఏ కోతకూ రాని మర్యాద అది. బిచ్చయ్య మొహం వెలిగిపోయింది. ఛాతీ మళ్లీ ఉబ్బింది. నోరు ఊరుకుంటుందా?

"గీ మచ్చ సూర్యునికి ఎట్లయిందో ఎర్కేనా?" అని మొదలుపెట్టాడు. "మా తాత కాలంల..."

అందరూ దగ్గరికి జరిగారు. అంజి మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగు నెలల్లో వాడు పెద్దమనిషి మాటను ఆపి ప్రశ్న అడగడం అదే మొదలు.

"ఆగు కాకా. ముందుగాల ఒకటి చెప్పు. గిది మంద కాడి మాటనా, హోటల్ కాడి మాటనా?"

బిచ్చయ్య అంజి కళ్లలోకి చూశాడు. రెండూ చల్లగా, క్షేమంగా ఉన్నాయి.

"హోటల్ కాడిదేరా," అన్నాడు.